ఇల్లటం సర్వర్

మే 19, 2025, సోమవారం

ఈ రోజు నుంచి డైరీ. పెద్ద కంపెనీలు పెట్టినవాళ్ళంతా మొదట్లో డైరీ రాసుకునేవారని ఎక్కడో చదివాను. ఎవరికీ చూపించడానికి కాదు. రేపు ఎవరైనా వచ్చి అడిగితే చేతిలో ఉంటుందని.

ముందు నా పరిస్థితి. బెంగళూరులో ఎనిమిదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఉద్యోగం వదిలేసి వచ్చాను. వదిలెయ్యమని ముందు వాళ్ళే అన్నారు గాని, ఆ ఆలోచన నాకు అంతకుముందు నుంచే ఉంది. ఇప్పుడు ఉండేది కర్నూలు. ఊళ్ళో కాదు, కోడుమూరు రోడ్డు మీద వానొస్తే పొంగే వంక దాటాక పడిన కొత్త లేఅవుట్లో, మా మామ పుల్లయ్య కట్టిన రెండంతస్తుల ఇంట్లో. నాకు సొంత మేనమామ. ఇళ్ళస్థలాల వ్యాపారం. ఆయన ఒక్కగానొక్క కూతురు స్వర్ణలతను చేసుకుని ఈ ఇంటికి ఇల్లటం వచ్చాను. ఆ మాట నాకు నచ్చదు. భాగస్వామ్యం అంటే సరిపోతుంది.

కంపెనీకి పెట్టుబడి మామది, బుర్ర నాది. స్కూలు బస్సు ఎక్కడిదాకా వచ్చిందో తల్లిదండ్రులకు ఫోన్లో కనిపించే యాప్. పేరు ‘యాడుండాది’. పేరు కూడా నాకే తట్టింది. "పొద్దున యే తల్లిని సూసినా అదే అడుగుతాది సార్, బస్సు యాడుండాది, బస్సు యాడుండాది అని. అదే పేరు పెడితే పోలా?" అని రెజీనా అంటూ ఉండగా నాకు మెరుపులా తట్టింది.

రెజీనా మా ఉద్యోగి. ఉన్నది ఒక్కతే. నాలుగేళ్ళు హైదరాబాదు కంపెనీలో సర్వర్ల పనే చేసి, వాళ్ళమ్మకు బాగాలేక ఊరికి వచ్చేసింది. వాళ్ళ నాయన దాసన్న ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరై ఇప్పుడు మహాదేవమ్మ టీచర్ స్కూల్లో నాలుగో నంబరు బస్సు తోలుతున్నాడు. మా శివాని వెళ్ళేది ఆ బస్సులోనే. జూన్‌లో రెండో తరగతికి వస్తుంది.

ఆఫీసు మేడ మీద. రెజీనా బయటి మెట్ల మీదుగా వస్తుంది. లోపల కూడా మెట్లున్నాయి గాని ఆమెకు బయటివే దగ్గర.

జూన్ పన్నెండున స్కూళ్ళు తెరుస్తారు. ఆరు స్కూళ్ళు ఒప్పుకున్నాయి. యాప్ సిద్ధం. సర్వర్ ఎక్కడ పెట్టాలన్నది ఒక్కటే మిగిలింది. రెండు రోజుల పని.

మే 22, గురువారం

సర్వర్ల మీద అధ్యయనం. పంతొమ్మిది కంపెనీలను పోలుస్తూ పట్టిక వేశాను. చివరి వరుసలో ‘సొంతంగా కొని ఇంట్లో పెట్టుకోవడం’ కూడా చేర్చాను. ఇరవై ఏడు నిలువు గళ్ళు వచ్చాయి. రంగులు కూడా వేశాను.

మే 23, శుక్రవారం

రంగులు మార్చాను.

మే 26, సోమవారం

రెజీనా పట్టిక చూసింది. కిందిదాకా జరిపి, మళ్ళీ పైదాకా జరిపింది. పట్టిక అంత బాగుంది.

తర్వాత అంది: "మనకు జనం వచ్చేది పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర సార్. మిగతా పొద్దంతా ఎవురూ రారు. చిన్న సర్వర్ బాడుగకు తీసుకుందాం. రద్దీ పెరిగితే దానంతట అదే ఇంగో రెండు తెచ్చుకుంటాది, తగ్గితే వదిలేస్తాది."

"అదెట్ల?" అన్నాను, ఆమెకు తెలుసో లేదో చూద్దామని.

"శివరాత్రికి శ్రీశైలానికి డిపోవోళ్ళు స్పెషల్ బస్సులు ఏస్తారు గదా సార్. జాతర అయిపోతానే తీసేస్తారు. మా నాయన ఇరవై ఏండ్లు ఆ స్పెషల్ బస్సులే తోలినాడు. సంవత్సరమంతా ఎవురన్నా నూరు బస్సులు తిప్పుతారా?"

పోలిక మరీ బస్టాండు స్థాయిలో ఉంది. మనం పది లక్షల మందిని దృష్టిలో పెట్టుకుని ఆలోచించాలని చెప్పాను. "ఇప్పుడుండేది ఆరు స్కూళ్ళు సార్" అంది. చూపు దూరం ఆనదు, పాపం.

సాయంత్రం అదంతా మెయిల్లో రాసి పంపింది. పెద్ద మెయిల్. తీరిగ్గా చదవాలి.

మే 28, బుధవారం

అన్నాల దగ్గర మామ అడిగాడు: "ఏమప్పా ఓబుళేశూ, ఇంగా యాడిదాకా వచ్చింది నీ పని?"

"సర్వర్ చూస్తాండా మామా."

"సర్వర్ అంటే ఏందప్పా?"

"బస్సుల లెక్కలన్నీ ఉండే కంప్యూటర్. అందరి ఫోన్లూ దాన్నే అడుగుతాంటాయి. ముంబైలో బాడుగకు ఇస్తారు."

మామ ముద్ద కిందపెట్టాడు. "మన సామాను ఊరోళ్ళింట్లో పెట్టి, బాడుగ మనమే కట్టాలనా?"

"అట్ల కాదు మామా..."

"ఈ రోడ్డు మీద నాకు పద్నాలుగు ప్లాట్లుండాయి. పుట్టినకాడ నుంచి ఒక్క దినం బాడుగింట్లో ఉండానా నేను? మన ఇంట్లో జాగా లేదా? ఆ సర్వర్ ఎంత పొడుగుంటాది, చెప్పు."

చేతులతో కొలత చూపించాను. "ఇంతేనా!" అన్నాడు.

భద్రత కోణంలో చూస్తే మామ మాటలో బరువుంది. రెజీనా మెయిల్ చదవాల్సింది, తలనొప్పిగా ఉండి పడుకున్నాను.

మే 30, శుక్రవారం

కడపకు వెళ్ళొచ్చాను. స్వర్ణ పెద్దమ్మ కొడుకు వసంతకుమార్‌కు ఏడురోడ్ల దగ్గర సర్వర్లు బాడుగకిచ్చే హోస్టింగ్ కంపెనీ ఉంది. బయటివాళ్ళ దగ్గర కొని వాణ్ని కాదంటే బాగుండదని అత్తగారి వైపు నుంచి ఫోన్లు వచ్చాయి. నేను వెళ్ళింది ఆ ఫోన్ల వల్ల కాదు. పోటీ ధరలు తెలుసుకోవడం వ్యాపార ధర్మం.

బోర్డు మీద ‘వి.కె. క్లౌడ్ సొల్యూషన్స్’ అనీ, దాని కింద ‘జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు’ అనీ ఉంది. వ్యాపారాన్ని ఒకదాని మీద ఆధారపడకుండా విస్తరించుకున్నాడు.

"మాది అన్‌లిమిటెడ్ బావా. ఎంతమంది వచ్చినా ఢోకా లేదు."

"లక్షమంది వస్తే?"

"రానీ."

"పది లక్షలు?"

"రానీ బావా, నేనుండా గదా!"

ఈ ధైర్యం రెజీనాలో చూడలేదు. ఆమెను ఏమడిగినా ‘కొలిచి చూడాల సార్’ అంటుంది.

"మరి మీ సర్వర్లు యాడుండాయి?" అని అడిగాను. వేలు పైకి చూపించి "క్లౌడ్ గదా బావా" అన్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. మటన్ తినిపించి పంపాడు.

జూన్ 2, సోమవారం

నిర్ణయం అయిపోయింది. సొంత సర్వర్ కొని ఇంట్లోనే పెడుతున్నాం. అది ఆగితే ఆదుకోవడానికి వసంతకుమార్ అన్‌లిమిటెడ్. దీన్ని హైబ్రిడ్ పద్ధతి అంటారు. పూర్తిగా సాంకేతిక కారణాలతో నేను తీసుకున్న నిర్ణయం. ఇందులో ఎవరి ఒత్తిడీ లేదు.

రెజీనాతో చెప్పాను. "నా మెయిల్ చదివినారా సార్?" అంది. "చదివే నిర్ణయం తీసుకున్నా" అన్నాను.

జూన్ 8, ఆదివారం

సర్వర్‌కు పూజ. అహోబిలం నుంచి తెచ్చిన కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, మామ కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు చిందాయి. తుడిచాను.

కింద దేవుడి గది పక్కన ఏసీ గది ఉంటే అందులో పెట్టాం. తీగలు కలపడానికి రెజీనా కిందికి వచ్చింది. వసారాలోనే మామ ఆపాడు.

"యమ్మీ, ఆ గదిలోకి నువ్వేంటికి? ఏమన్నా చేసేదుంటే అల్లుడు చేస్తాడు. నువ్వు పైనుంచి చెప్పు."

రెజీనా నా వైపు చూసింది. నేను తీగల వైపు చూశాను.

ఆమె మేడ మీద నుంచి ఫోన్లో చెప్తూ ఉంటే నేను కింద కలిపాను. నీలం తీగ, పసుపు తీగ, మళ్ళీ నీలం తీగ. ఆమె అయితే పావుగంట పని, మూడున్నర గంటలు పట్టింది. పెద్ద కంపెనీల్లో కూడా సర్వర్ గదిలోకి అందరినీ రానివ్వరు. భద్రతా విధానం అంటారు. రేపు రాతపూర్వకంగా పెట్టాలి.

జూన్ 12, గురువారం

ప్రారంభం! ఎనిమిది గంటలకు ఆరు స్కూళ్ళ తల్లిదండ్రులూ ఒకేసారి చూశారు. అద్భుతం. ఎనిమిదీ ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా కొంచెం నెమ్మదించింది. నాలుగో నంబరు బస్సు యాప్‌లో ఇరవై నిమిషాలు హంద్రీ నది నీళ్ళ మధ్యలో నిలబడి కనిపించింది. మిగతాదంతా అద్భుతం.

జూన్ 25, బుధవారం

సర్వర్ రెండు రోజులుగా వేడెక్కి ఆగిపోతోంది. కారణం దొరికింది. నేను పైకి రాగానే మామ ఏసీ ఆపేస్తున్నాడు.

"మనుషులు లేని గదికి ఏసీ ఏంటికప్పా?"

వివరించాను. టేబుల్ ఫ్యాను పెట్టుకోమన్నాడు. పెట్టాను.

జూలై 17, గురువారం

పొద్దున శివానిని బస్సెక్కించడానికి వెళ్తే దాసన్న స్టీరింగు దగ్గర నుంచి దిగి వచ్చాడు. అరవై దాటిన మనిషి. బస్సు దిగకుండా కూడా మాట్లాడొచ్చు, దిగాడు.

"సార్, ఒక మాట. మీ యాప్‌లో బస్సు అగుపడలేదని తల్లులు నాకు ఫోన్లు చేస్తాండారు. నేను బండి తోలేటప్పుడు ఫోను ఎత్తను. ఎత్తలేదని ఇంగా భయపడతాండారు. మా పాప ఏదో దారి ఉందంటాది. ఒకసారి ఇనండి సార్."

చూస్తానన్నాను. కూతురు పని గురించి తండ్రితో చెప్పించడం వృత్తిధర్మం కాదు. ఇది రెజీనాకు సున్నితంగా చెప్పాలి.

సాయంత్రం చెప్పాను. "నేను చెప్పమనలేదు సార్. ఆయన రోజూ ఆ బండి మీదుండాడు, ఆయనకే అగుపడింది" అంది. సున్నితంగానే చెప్పాను, ఆమెకే నచ్చలేదు.

ఆగస్టు 9, శనివారం

అంతా బాగుంది.

ఆగస్టు 19, మంగళవారం

నిన్న రాయలేదు. నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను.

మధ్యాహ్నం మూడుకు వాన మొదలైంది. ఈ ఏడు ఇంత వాన చూడలేదు. మూడూ నలభైకి స్కూళ్ళు వదిలారు. నాలుగింటికి ఎవడో వాట్సాప్‌లో పెట్టాడు, కోడుమూరు రోడ్డులో స్కూలు బస్సు వంకలో కొట్టుకుపోయిందని. ఏ స్కూలు, ఏ బస్సు, ఏమీ లేదు. మూడు నిమిషాల్లో ఊరంతా పాకింది.

తల్లులు, తండ్రులు, అవ్వలు, తాతలు, ఆదోనిలో ఉండే మేనత్తలు కూడా యాప్ తెరిచారు. ఒకసారి తెరిచి ఊరుకోరు కదా, కనిపించకపోతే మూసి మళ్ళీ తెరుస్తారు. పైన నా కంప్యూటర్లో రద్దీ చూపించే గీత నిలువుగా లేచి, అక్కడే ఆగిపోయింది. సర్వర్ ఎవరికీ జవాబివ్వడం లేదు.

కిందికి పరిగెత్తాను. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద సర్వర్ ఉంది, మామ టీవీ కూడా ఉంది. టీవీ ఆపాను. ఇంటర్నెట్ పోయింది. ఇంటికి ఉన్నది ఒకటే లైను.

రెజీనా ఆ రోజు సెలవులో, ఊళ్ళో వాళ్ళింట్లో ఉంది. ఫోన్ చేసింది.

"సార్, యాప్ అడిగే సర్వర్ అడ్రసు మార్చే పాస్‌వర్డ్ నాకియ్యండి. నేను వేరే చోట లేపుతా. పదినిమిషాలు సాలు."

"అది రాసిన కాగితం మామ బీరువాలో పెట్టి తాళమేసినాడు."

"తీయండి సార్."

"మామను అడగాల."

"సార్, మా నాయన కూడా ఆ రోడ్డు మీదే ఉండాడు."

ఈ మాట ఆమె అరవకుండా అంది. నేను మామను అడగడానికి వెళ్ళాను. మామ వాకిట్లో నిలబడి వంక వైపు చూస్తున్నాడు. అడగలేకపోయాను. ఎవరికీ చూపించనిది కాబట్టి రాస్తున్నాను. ఆ సమయంలో బీరువా తాళం అడిగితే ఏమంటాడోనని జంకాను.

అందుకని నాకు తెలిసిన పని చేశాను. ఫోన్లో ముందే పెట్టి ఉంచిన మీట నొక్కి మొత్తం వసంతకుమార్ అన్‌లిమిటెడ్ మీదకి మళ్ళించాను. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. అది వెంటనే పనిచేసింది. ఆరు స్కూళ్ళ తల్లిదండ్రుల ఫోన్లలో ఒక పేజీ కనిపించింది. ‘పరిమితి మించినందున ఈ సేవ నిలిపివేయబడింది’ అని పెద్ద అక్షరాలు. దాని కింద వసంతకుమార్ నవ్వుతున్న ఫొటో, ‘మీ వ్యాపారానికి అపరిమిత హోస్టింగ్! వినాయకచవితి ఆఫర్!’ అని.

పిల్లల కోసం వెతుక్కునేవాళ్ళకు అది కనిపించింది. గంటా నలభై నిమిషాలు కనిపించింది.

స్వర్ణ నా ఎదురుగా వచ్చి నిలబడింది. చేతిలో ఫోను, ఫోన్లో వసంతకుమార్.

"బావా, నాకు నీ సర్వర్ వద్దు. నా బిడ్డ యాడుండాది?"

నాకు తెలియదు.

"నీకు తెలీదా?"

"లైను రాంగానే..."

అప్పుడు ఆమె ఫోను మోగింది. రెజీనా. నాకు చెయ్యలేదు, స్వర్ణకు చేసింది. స్వర్ణ స్పీకరు పెట్టలేదు గాని నాకు వినిపించింది.

"అక్కా, పాప బాగుండాది. నీళ్ళు రోడ్డు మీదికి వస్తానే మా నాయన బండి నిలిపేసినాడు. వంకకు ఈ పక్కన మా చర్చి హాలుండాది గదా, ముప్పైయొక్క మందినీ అందులో కూర్చోబెట్టినాడు. ఆయన ఫోన్లో చార్జింగు లేకుంటే పాస్టరయ్య ఫోను నుంచి చేసినాడు. ఒక్కొక్కరికే ఫోన్ చేస్తా వస్తాండా, మీది పదకొండోది."

స్వర్ణ అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయింది.

మిగతా స్కూళ్ళ బస్సులకు కూడా ఏమీ కాలేదు. ఏడింటికి నీళ్ళు తగ్గాక నాలుగో నంబరు బస్సు వచ్చింది. దాసన్న పిల్లల్ని ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని దించాడు. శివాని బన్ను తింటూ దిగింది. "నాయనా, దాసన్న తాత మా అందరితో అంత్యాక్షరి ఆడించినాడు. నేనే గెల్చినా."

మామ దాసన్నకు దండం పెట్టాడు. బస్సు కదిలాక స్వర్ణతో అన్నాడు, "బిడ్డకు తలకు పోసి లోపలికి తీస్కపో."

వానలో తడిసింది కదా, అందుకని.

"బిడ్డ మీద సుక్క నీళ్ళు పడలేదు నాయనా" అంది స్వర్ణ. శివానిని ఎత్తుకుని అలాగే లోపలికి, దేవుడి గది ముందు నుంచే తీసుకుపోయింది.

ఆగస్టు 20, బుధవారం

స్కూళ్ళ నుంచి ఫోన్లు. మామ పక్కన కూర్చుని చెప్పాడు: "ఆ యమ్మి సరిగ్గా చెయ్యలేదని రాయప్పా. సెలవు పెట్టి ఇంట్లో కూర్చునింది గదా. మన పేరు పోగూడదు."

నేను అట్లా రాయలేదు. ఒక మనిషి పేరు రాయడం నా స్వభావం కాదు. ‘సాంకేతిక సిబ్బంది అనుభవలేమి వల్ల జరిగిన అంతరాయానికి చింతిస్తున్నాము’ అని మాత్రమే రాసి ఆరు స్కూళ్ళకూ పంపాను. సిబ్బంది అంటే ఎవరైనా కావచ్చు.

ఆగస్టు 21, గురువారం

రెజీనా రాలేదు. రాజీనామా మెయిల్ వచ్చింది. ఒకటే వాక్యం. దీన్ని మాత్రం వెంటనే చదివాను.

ఆగస్టు 23, శనివారం

మహాదేవమ్మ టీచర్ రమ్మన్నారు. ఏడో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన టీచర్. రిటైరయ్యాక సొంత స్కూలు పెట్టారు. గదిలో తల్లిదండ్రులు పదిమంది దాకా ఉన్నారు. గోడవార కుర్చీలో రెజీనా. ఆమె వస్తుందని నాకు చెప్పలేదు.

టీచర్ నా ఉత్తరం టేబుల్ మీద పెట్టారు. "సాంకేతిక సిబ్బంది అంటే ఎంతమందప్పా?"

"ఒకరు టీచర్."

"నిన్న ఈ పాపను పిలిచి, ఏం జరిగిందమ్మా అని అడిగినా. ఈ కాగితం ఇచ్చింది. నాకు అద్దాలు సరిగ్గా లేవు. నువ్వు సదువు, గట్టిగా."

మే 26 నాటి మెయిల్, అచ్చు తీసింది. చదివాను.

‘సార్, సర్వర్ ఇంట్లో పెడితే మూడు ప్రమాదాలు. కరెంటు పోవచ్చు. ఉన్న ఒక్క ఇంటర్నెట్ లైను తెగవచ్చు. ఒకేసారి అందరూ చూస్తే ఆగిపోవచ్చు. ఇవి వేరువేరు రోజుల్లో రావు సార్. పెద్ద వాన పడిన సాయంత్రం మూడూ కలిసే వస్తాయి. పిల్లలు దారిలో ఉన్నప్పుడు వస్తాయి. ఆ ఒక్కరోజు పనికి రాకపోతే మిగతా అన్ని రోజులూ పనిచేసి ఉపయోగం లేదు. మా నాన్న తోలే బస్సు వంక దాటి వెళ్ళేదే కాబట్టి అడుగుతున్నాను, దయచేసి ఇంకోసారి ఆలోచించండి.’

రెండోసారి ‘సార్’ దగ్గర ఆగాను. నీళ్ళు తాగి చదివాను.

"ఎప్పుడు సదివినావప్పా ఇది?" అన్నారు టీచర్.

గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు. రెజీనా ఒక్కతే కిటికీ వైపు చూస్తోంది. అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది, కాని టీచర్ ఏడో తరగతిలో నోట్సు చూపించమన్నప్పటి ముఖంతోనే ఉన్నారు.

"ఇప్పుడే టీచర్."

ఎవరో నవ్వారు. టీచర్ నవ్వలేదు. "కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నది నాతో కాదు.

ఆగస్టు 24, ఆదివారం

ఏమీ రాయాలని లేదు.

ఆగస్టు 30, శనివారం

మహాదేవమ్మ టీచర్ స్కూలు బస్సుల పని రెజీనాకు అప్పగించారు. మిగతా ఐదు స్కూళ్ళూ మనతోనూ లేవు, ఆమె దగ్గరికీ వెళ్ళలేదు. నా ఉత్తరం చూశారు కదా, అనుభవలేమి అని. ఆ ఐదుగురికీ అసలు సంగతి తెలియదు.

సర్వర్‌ను ఏం చేద్దామంటే మామ, ఉండనీ అన్నాడు. ప్లాట్ల దగ్గర సీసీ కెమెరాలకు పనికొస్తుందట. ఆ గదిలో ఇప్పుడు ఏసీ ఆపడం లేదు. మధ్యాహ్నాలు మామ అక్కడే పడుకుంటున్నాడు.

వసంతకుమార్ నుంచి మెసేజి: ‘బావా, ప్లాను రెన్యువల్ చేసుకోండి.’

సెప్టెంబరు 3, బుధవారం

దాసన్న ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నానో ఇంట్లో చెప్పలేదు. క్షమాపణ చెబుదామని. దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకున్నాను. పరిస్థితుల ప్రభావం, సమన్వయ లోపం, అలాంటివి.

దాసన్న డ్యూటీకి వెళ్ళాడు. రెజీనా ఉంది. రెండు స్క్రీన్ల ముందు కూర్చుని పని చేసుకుంటోంది. లేచి కుర్చీ వేసింది.

నా మాటలన్నీ చెప్పాను. చివరిదాకా విన్నది.

"ఇదంతా నాకేంటికి సార్ చెప్తాండారు? నాకు తెలుసు గదా. తెలీనోళ్ళు ఐదు మంది ఉండారు."

"వాళ్ళకు నేను ఫోన్ చేసి..."

"మొదట రాసే గదా పంపినారు సార్. ఇది గూడా రాసే పంపండి." స్క్రీన్ వైపు తిరిగి అంది. "నేను నాలుగేండ్లు నేర్చుకున్న పని సార్ అది. మీరు ఒక్క మాటతో తీసేసినారు."

కోపంగా అని ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 5, శుక్రవారం

ఉత్తరం రాశాను. ‘కొన్ని అనివార్య కారణాల వల్ల, సమష్టి నిర్ణయాల్లో దొర్లిన లోపాల వల్ల...’ అని మొదలవుతుంది. చదవమని స్వర్ణకు ఇచ్చాను.

ఎర్రపెన్ను అడిగింది. ‘అనివార్య’ కొట్టేసింది. ‘సమష్టి’ కొట్టేసింది. ‘దొర్లిన’ కొట్టేసింది.

"ఏమీ మిగల్లేదు గదా" అన్నాను.

"మిగిలింది నువ్వే బావా. అది రాయి."

"మామ చూస్తే?"

"మా నాయన నన్నేమంటాడు? అంటే నేను మాట్లాడతా. నువ్వు రాయి."

మూడుసార్లు రాసి చించాను. నాలుగోసారి వచ్చింది ఇది:

‘అయ్యా, ఆగస్టు 18న మా యాప్ ఆగిపోవడానికి నేనే కారణం. సర్వర్ ఇంట్లో పెట్టవద్దని రెజీనా గారు మే నెలలోనే రాసి ఇచ్చారు. నేను చదవలేదు. మా మామగారికి ఎదురు చెప్పడానికి భయపడ్డాను. ఆమె ఒక డ్రైవరు కూతురు, నాకన్నా ఎక్కువ ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. సర్వర్ గదిలోకి ఆమెను రానివ్వకపోతే చూస్తూ ఊరుకున్నాను. ఆమె పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఇచ్చి ఉంటే పదినిమిషాల్లో మీకు మీ పిల్లలు కనిపించేవాళ్ళు. అనుభవం లేనిది నాకు. నా పాత ఉత్తరం అబద్ధం. ఇట్లు, ఓబుళేశు.’

మహాదేవమ్మ టీచర్‌తో కలిపి ఆరుగురికీ పంపాను. ఈ రోజు టీచర్స్ డే అని పంపాక గుర్తొచ్చింది. కావాలని చేసింది కాదు.

సెప్టెంబరు 6, శనివారం

మామకు తెలిసింది. ఏ స్కూలు వాళ్ళో ఫోన్ చేసి చదివి వినిపించారట. పొద్దున్నుంచి నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర స్వర్ణతో అన్నాడు, "ఇంటి సంగతులు ఊరికి చాటించే అల్లుణ్ని యాడా సూడలే." స్వర్ణ ఆయన కంచంలో ఇంకో సంగటి ముద్ద పెట్టి, "నువ్వు తెచ్చుకున్నదే గదా నాయనా" అంది. అది నా తరఫున అన్నదో, నా మీద అన్నదో తేలలేదు.

సెప్టెంబరు 8, సోమవారం

జవాబులేమీ లేవు. ఇంత నిజాయితీగా రాసినందుకు ఒక్కరైనా మెచ్చుకుంటారని అనుకున్నాను. కనీసం టీచర్.

సెప్టెంబరు 10, బుధవారం

జవాబు వచ్చింది. బళ్ళారి చౌరస్తా దగ్గరి స్కూలు వాళ్ళు. పేరు చూడగానే ఫోను తీసుకుని లేచాను. మేడ మీదికి వెళ్ళి, తలుపు వేసుకుని తెరిచాను.

‘అయ్యా, మీ ఉత్తరం అందింది. రెజీనా గారి ఫోన్ నంబరు పంపగలరు.’

అంతే. నా గురించి ఒక్క ముక్క లేదు. ఇంకేమైనా ఉందేమోనని కిందిదాకా చూశాను.

నంబరు పంపాను.

సాయంత్రం ఇంకో ఇద్దరు అడిగారు. వాళ్ళకూ పంపాను.